అమావాస్య పోటుకి ఎక్కిన పంటు

మా వదిన దలందా, పడవ అడుగు చూసి అది ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో చెప్పేస్తుంది. "ఇది శీతాకాలమంతా కదలకుండా పడుంది." "దీన్ని లంగరేసింది మురుగు కాలవ పక్కన." పడవ యజమాని నోరు తెరిచేలోపే ఆమె గీకుడు రేకు తీసుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగిపోతుంది.

నేను అవతలి ఒడ్డునున్న స్ఫాక్స్ పట్నం నుంచి ఈ కెర్కెన్నా దీవికి కోడలిగా వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. వదిన మా ఆయన నేజీకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళ నాన్న పడవలు బాగుచేసేవాడు. చెక్కల సందుల్లో నూలు కూరడం, తారు పుయ్యడం, అడుగున పట్టిన పాచీ గుల్లలూ గీకడం, అన్నీ కొడుక్కి నేర్పాలని చూశాడు. కొడుకు చేపల దడి దగ్గరికి పారిపోయాడు. కూతురు నేర్చుకుంది. "ఆడది పట్టిన పడవ మునుగుతుంది" అన్నవాళ్ళు మా బోర్జ్ సల్లూమ్ రేవులో చాలామందే ఉండేవాళ్ళట. నేను కాపురానికొచ్చేసరికి వాళ్ళ పడవలన్నీ ఆమె ముందు వరసగా బోర్లా పడుకుని ఉన్నాయి.

మా సముద్రం లోతులేనిది. మైళ్ళ దూరం మోకాళ్ళలోతే. అందులో ఖర్జూర మట్టలు పాతి బారుగా దడి కడతారు. పోటు దిగి పాటు తీసేటప్పుడు నీళ్ళతో వెనక్కి వెళ్ళే చేప ఆ దడి వెంబడే వెళ్ళి చివరనున్న బుట్టలో పడుతుంది. ముత్తాతల నాటి నుంచీ ఏ దడి ఏ ఇంటిదో అందరికీ తెలుసు. నేజీ దడి మా మామగారిది, అంతకు ముందు ఆయన నాన్నది.

పదేళ్ళ కిందట ఆ బుట్టలోనే మొదటి నీలం పీత పడింది. ఎక్కడి సముద్రానిదో, ఏ ఓడ పట్టుకొచ్చిందో తెలీదు. నేజీ దాన్ని తాడుకి కట్టి కాఫీ కొట్టంతా తిప్పి చూపించాడు. అందరూ నవ్వారు. వదిన ఒక్కతే, "ఒరే, ఇది మనది కాదు. ఎవరినైనా అడగండిరా" అంది. ఎవరూ అడగలేదు. రెండేళ్ళు తిరక్కుండా వలలు జల్లెడలయ్యాయి. బుట్టలో చేప ఉంటే తలా తోకా మిగిలేవి. మావాళ్ళు దానికి దాయిష్ అని పేరు పెట్టారు, ముష్కరుల పేరు. తరవాత పీతలు కొనే ఫ్యాక్టరీలొచ్చాయి, పీతల బోనులొచ్చాయి, ఇప్పుడు దాన్నే పట్టుకు బతుకుతున్నాం. కానీ ఆ మధ్య నాలుగేళ్ళు ఎలా గడిపామో ఆ దేవుడికి తెలుసు, నా గాజులకి తెలుసు.

ఇక పంటు సంగతి.

రేవు గోడ ఒక పక్క అలలకి కూలిపోతే బాగుచెయ్యడానికి ఒక కంట్రాక్టరు ఇనప పంటు పంపించాడు. రాళ్ళు మోసే బల్లపరుపు పంటు, పన్నెండు బారల పొడుగు. రెండు మూడేళ్ళుగా పైదేశపు రేవులో ఎక్కడో ఊరికే పడుందట. లాగుడు పడవ దాన్ని తెచ్చి మా గోడకి కట్టేసి వెళ్ళిపోయింది. దానికి మేస్త్రీ గాజీ అనే నలభై ఏళ్ళ మనిషి. జర్జీస్ ఊరివాడు. మెళ్ళో తువ్వాలు, చెవి దగ్గర ఎప్పుడూ ఫోను.

ఆ పూట వదిన పక్కనే అమోర్ బాబాయ్ పడవ గీకుతోంది. అమోర్ బాబాయ్‌కి డెబ్భై రెండేళ్ళు, నాలిక మాత్రం పాతికేళ్ళది. వదిన ఉన్నట్టుండి పని ఆపి పంటు వైపు నడిచింది. వంగి, చెయ్యి కిందకి పోనిచ్చి ఏదో పీకి తెచ్చింది.

"బాబాయ్, ఇదేంటో చెప్పు."

కొవ్వొత్తి కరిగి కారితే ఎలా ఉంటుందో అలా ఉంది. లేత గోధుమరంగు, మెత్తగా, జిగురుగా. దాని మీద సన్నటి చిల్లులు.

"జలుబు చేసిన ఒంటె చీమిడి" అన్నాడు అమోర్ బాబాయ్.

"పంటు అడుగంతా ఇదే. చేతికి ఇనుము తగల్లేదు. గుల్లల్ని కూడా కప్పేసింది. లోపల అన్నీ చచ్చి ఉన్నాయి."

"అయితే నీకు మంచిదేగా. గుల్లలు గీకే పని తప్పింది."

వదిన నవ్వలేదు. ఆ ముక్కని నీళ్ళ సీసాలో వేసుకుని ఇంటికి తెచ్చింది.

మర్నాటి నుంచీ మా వంటింటి వెనకున్న బట్టల తొట్టి నాది కాకుండా పోయింది. అందులో సముద్రపు నీళ్ళు పోసి, ఖర్జూర మట్ట ముక్క ఒకటి పడేసి, బొటనవేలి గోరంత జిగురు దాని మీద దారంతో కట్టింది. రోజూ నీళ్ళు మార్చేది. ఇంకో రెండు ముక్కలు ఎండలో రాతి మీద పెట్టింది, ఒకటి పల్చగా, ఒకటి ముద్దగా.

"వదినా, నా దుప్పట్లు ఎక్కడ ఉతుక్కోను?"

"నీ మొగుడి దడి పోతే దుప్పట్లు కప్పుకుని పడుకోవడమే పని. అప్పుడు ఉతుక్కుందువుగానిలే హనియా."

మూడో రోజుకి పల్చటి ముక్క కాగితంలా ఎండిపోయింది. ముద్దని తీసి నీళ్ళలో వేస్తే లోపలిది మళ్ళీ చిల్లులు తెరిచింది. ఎనిమిదో రోజుకి తొట్టిలో మట్ట మీది గోరంత ముక్క నా అరచేతిలో సగమైంది. తెంపి పక్కన పడేసిన తునక కూడా మట్ట అవతలి కొసన అంటుకుని పెరగసాగింది.

అప్పుడు నాకూ భయం వేసింది. మా దడి అంతా మట్టలే కదా. బుట్టలూ అంతే. నేజీని పిలిచి చూపించాను. ఆయన కాసేపు తొట్టి చూసి, కాసేపు అక్కని చూసి, "ఈసారి నవ్వను" అన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున్నే వదిన సీసా సంచిలో పెట్టుకుని పెద్ద పడవెక్కి స్ఫాక్స్ వెళ్ళింది. నన్నూ తీసుకెళ్ళింది, నా పుట్టింటి ఊరు కాబట్టి దారులు తెలుస్తాయని. సముద్ర జీవాల మీద పనిచేసే నవ్రస్ అనే డాక్టరమ్మ దొరికింది. ముప్ఫై ఐదేళ్ళకి మించి ఉండవు, కళ్ళజోడు తల మీదే ఉంటుంది, దానికోసం బల్లంతా వెతుక్కుంటుంది. సీసా చూసిన వెంటనే వెతకడం ఆపేసింది.

"అమ్మా, ఇది మొక్క కాదు, పాచి కాదు. వేల చిన్న ప్రాణులు ఒక్క దుప్పటిలా కలిసి బతుకుతాయి. మన సముద్రంది కాదు. ఇంట్లో పెంచానంటున్నారు, మరి రోజూ మార్చిన నీళ్ళు ఎక్కడ పారబోశారు?"

"పెరట్లో, ఖర్జూర చెట్టు మొదట్లో. అందులో కంటికి కనపడని ముక్కలుంటే? తిరిగి సముద్రంలో పోస్తానా?"

డాక్టరమ్మ నా వైపు తిరిగి, "ఈమె ఎక్కడ చదువుకున్నారు?" అని అడిగింది.

"పడవల కింద" అన్నాను.

మేము తిరిగొచ్చేసరికి రేవులో ఇంకో వార్త. గాజీ సోమవారానికి ఈతగాళ్ళని పిలిపించాడు. పంటు అడుగుని నీళ్ళలోనే గీకించేస్తాడట. వదిన సంచి నాకిచ్చి తిన్నగా అతని దగ్గరికి నడిచింది.

"నాయనా, నీళ్ళలో గీకితే ప్రతి తునకా ఒక పిల్ల. పాటు దాన్ని తీసుకెళ్ళి మా దడులకి అతికిస్తుంది. గీకద్దు."

"నాకు పై నుంచి ఆర్డరమ్మా. నువ్వు చెప్తే ఆపుతానా?"

రేవు అధికారిని అడిగితే ఆయన పాపం కాగితం రాస్తానన్నాడు. రాజధాని నుంచి జవాబు రావడానికి రెండు నెలలు. సోమవారానికి నాలుగు రోజులు.

ఆ సాయంత్రం కాఫీ కొట్టు ముందు ఊరు చేరింది. వదిన తొట్టిని ఎత్తుకొచ్చి మధ్యలో పెట్టింది. అమోర్ బాబాయ్ ఊరుకుంటాడా?

"పీతొచ్చినప్పుడూ ఇలాగే ఏడ్చాం. ఇప్పుడు దాని పుణ్యాన తింటున్నాం. రేపు దీనికీ ఓ ఫ్యాక్టరీ పెడతారేమోలే దలందా!"

"పీతకి మాంసం ఉంది బాబాయ్. దీనికేముంది? ఇదిగో తీసుకో. మీ ఆవిడనడిగి కుస్కుస్‌లో వేయించుకుని, తిని చెప్పు."

అందరూ గొల్లుమన్నారు. బాబాయ్ చెయ్యి ముందుకి చాచాడు గానీ ఆ జిగురు వేలికి తగలగానే వెనక్కి తీసుకున్నాడు. ఆ తరవాత మట్ట ముక్క పైకెత్తి, ఇటూ అటూ తిప్పి చూశాడు. "మట్ట కనపడటం లేదే" అన్నాడు మెల్లిగా. ఇంకెవరూ నవ్వలేదు.

గాజీ కాస్త దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వదిన అతని దగ్గరికే వెళ్ళింది.

"నిన్ను ఆపే అధికారం నాకు లేదు. ఒక్క మాట చెప్తా విను. నీ పంటు నీళ్ళు తాగుతోంది."

అతను ఉలిక్కిపడ్డాడు.

"లోపలి నీళ్ళు తోడే మోటారు గంటకోసారి నడిచేది. నిన్నటి నుంచి అరగంటకోసారి నడుస్తోంది. కుడి వెనక మూల బెత్తెడు కిందకి దిగింది. రాళ్ళెక్కించావంటే రేవు మధ్యలో కూర్చుంటుంది. ఆ సంగతి నువ్వు మీ పైవాళ్ళకి ఇంకా చెప్పలేదు."

గాజీ మెళ్ళో తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "గట్టుకి ఎక్కించాలంటే స్ఫాక్స్ లాక్కెళ్ళాలి. ఇక్కడ యంత్రం లేదు కదా" అన్నాడు.

"యంత్రం ఎందుకు? సముద్రం ఉంది. ఆదివారం అమావాస్య. పొద్దు వాలేముందు, అసర్ నమాజు వేళకి పెద్ద పోటు వస్తుంది. పంటుని తూర్పు ఇసక తిప్ప మీదకి తేల్చుకెళ్దాం. పాటు తీసినప్పుడు అది పొడి ఇసక మీద కూర్చుంటుంది. మళ్ళీ పౌర్ణమి పోటు దాకా దాని అడుగుకి నీళ్ళు తగలవు. పదిహేను రోజుల ఎండకి ఈ దరిద్రం చస్తుంది. ఈలోపు నీ చిల్లు నువ్వు పూడ్చుకో. దించేటప్పుడు అడ్డమొచ్చిన ఇసక మేం తవ్వి పెడతాం."

గాజీ ఆ పూట చాలాసేపు ఫోనులో మాట్లాడాడు. వచ్చి, "మా నాన్న కూడా చేపలు పట్టేవాడేనమ్మా" అన్నాడు. అంతే. సరేనన్నట్టే.

కదిలేటప్పుడు ముక్కలు రాలితే ఎలా? దానికీ వదిన దగ్గర జవాబుంది. ఊళ్ళో ఉన్న పాత తెరచాపలు, టార్పాలిన్లు, పెళ్ళి పందిరి గుడ్డలు కూడా తెమ్మంది. శుక్ర, శనివారాలు ఆడవాళ్ళం మా వాకిట్లో కూర్చుని అన్నీ కలిపి కుట్టాం. దబ్బనాలతో వేళ్ళు పొడుచుకున్నాం, పాటలు పాడుకున్నాం. ఆదివారం పొద్దున మగవాళ్ళు ఆ పెద్ద గుడ్డని పంటు కిందనుంచి పోనిచ్చి, నాలుగు వైపులా పైకి లాగి తాళ్ళతో బిగించారు.

"ముసుగేసిన పెళ్ళికూతురులా ఉంది" అన్నాడు అమోర్ బాబాయ్. "మరి మేళం ఏది?"

మధ్యాహ్నానికి మేళం కూడా వచ్చింది. మా దీవిలో పెళ్ళిళ్ళకి డోలు కొట్టే ఎర్ర దుస్తులవాళ్ళు నలుగురు, పిలవకుండానే వచ్చారు. డాక్టరమ్మ నవ్రస్ కూడా పెద్ద పడవ మీద వచ్చి దిగింది.

పోటు పెరుగుతోంది. ఆరు చేపల పడవలు పంటుని లాక్కుంటూ తిప్ప వైపు తీసుకెళ్ళాయి. వదిన ముందు పడవలో నిలబడి చేత్తో దారి చూపిస్తోంది. అంతా బాగానే ఉంది అనుకుంటుండగా పడమటి గాలి తిరిగింది. ఆ గాలి వస్తే మా దగ్గర నీళ్ళు వెనక్కి తోసుకుపోతాయి. రావాల్సినంత పోటు రాలేదు. తిప్ప అంచుకి ఇరవై అడుగుల దూరంలో పంటు ముక్కు ఇసకలో దిగబడింది. వెనక సగం ఇంకా నీళ్ళలోనే ఉంది. అక్కడే ఆగిపోతే రోజూ వచ్చే పోటుకి ఆ సగం తడుస్తూనే ఉంటుంది. చేసిందంతా వృథా.

"పాటు తియ్యడానికి ఎంతసేపుంది?" గాజీ అరిచాడు.

"ఒక్క టీ కాచుకునేంత" అని వదిన పడవలోంచి నీళ్ళలోకి దూకింది. తాడు భుజానికి వేసుకుంది.

ఆ క్షణం నేను చచ్చేదాకా మర్చిపోను. ఒక ముసలావిడ, నడుంలోతు నీళ్ళలో, ఒక్కతే, పన్నెండు బారల ఇనుముని లాగుతోంది. నేజీ దూకాడు. గాజీ చెప్పులు విసిరేసి దిగాడు. అమోర్ బాబాయ్ దిగబోతే వాళ్ళావిడ చొక్కా పట్టుకుంది. "వదలవే, ఆ పిల్ల ఒక్కతీ లాగుతుంటే నేను గట్టున కూచోనా?" అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మా వదిన ఆయనకి పిల్ల. ఇంక గట్టు మీద ఎవరూ మిగల్లేదు. రొట్టెల కొట్టువాడు చేతులకి పిండితోనే వచ్చాడు. రేవు అధికారి ప్యాంటు మడిచి దిగాడు. మేము ఆడవాళ్ళం మోకాళ్ళ దగ్గర బట్టలు ముడేసుకుని తాళ్ళు పట్టుకున్నాం. డోళ్ళవాళ్ళు మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, డోళ్ళు నెత్తికెత్తి కొట్టారు.

దెబ్బకో అడుగు. డోలు దెబ్బ పడుతుంది, లాగుతాం, ఊపిరి తీస్తాం. డోలు పడుతుంది, లాగుతాం. తాడు నా అరచేతుల తోలు ఒలుస్తోందని తెలుస్తూనే ఉంది, పట్టించుకోలేదు. పక్కన డాక్టరమ్మ కళ్ళజోడు నీళ్ళలో పడిపోయింది, ఆమె కూడా పట్టించుకోలేదు. పంటు కీచుమంది. కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. చివరి నాలుగు అడుగులు అదే జారుకుంటూ వచ్చేసింది, ముందున్నవాళ్ళం ఒకళ్ళ మీద ఒకళ్ళం ఇసకలో పడ్డాం.

లేచి చూసేసరికి నీళ్ళు తీస్తున్నాయి. పంటు మొత్తం పొడి ఇసక మీద ఉంది. ఆడవాళ్ళం గొంతులెత్తి పెళ్ళిలో వేసే కూతలు వేశాం. వదిన ఆ గోలలో లేదు. అప్పటికే పంటు చుట్టూ తిరుగుతూ గుడ్డ ఎక్కడైనా చిరిగిందా అని చూసుకుంటోంది.

ఆ పదిహేను రోజులూ ఆ కంపు భరించడం మా వల్ల కాలేదు. కుళ్ళిన గుడ్లని చెప్పులో పెట్టి మరిచిపోయినట్టు. మూడు రోజుల ఎండ ముద్దగా ఉన్నదానికి చాలదని ముందే చూశాం కదా, వదిన రోజూ వెళ్ళి, గుడ్డ తీసేసిన అడుగు కింద ఇసక కొంచెం కొంచెంగా తవ్వించి, ఎండిన పై పొర గీకేది, లోపలిదానికి ఎండ తగిలేలా. రాలిందంతా తిప్ప వెనక గొయ్యి తీసి సున్నంతో పూడ్చారు. గాజీకి చిల్లు దొరికింది. వదిన చెప్పిన చోట కాదు, మూరెడు ఇవతల. "కుడి వెనక మూల అన్నానుగా" అని ఆమె ఇప్పటికీ వాదిస్తుంది. మూల కాదు, రేకుల అతుకు దగ్గర. ఈ ఒక్క విషయంలో ఆమెని ఏడిపించే హక్కు గాజీకి ఉంది, ఫోను చేసినప్పుడల్లా వాడుకుంటాడు.

అయిపోలేదు. పంటుని కట్టేసిన రేవు గోడని నవ్రస్, వదిన కలిసి చేత్తో తడిమి తడిమి చూశారు. మూడు చోట్ల అరచేతంత మచ్చలు కనపడ్డాయి. అప్పటికే పంటు మీంచి గోడకి పాకాయన్నమాట. వాటి మీద ప్లాస్టిక్ పట్టా బిగించి కట్టి, లోపలికి వెనిగర్ పోశారు. ఊళ్ళో ఆ వారం ఎవరికీ ఊరగాయ పెట్టుకోవడానికి వెనిగర్ లేదు. నెల తరవాత విప్పితే కింద ఉత్త రాయి.

రెండేళ్ళు నవ్రస్ మూడు నెలలకోసారి వచ్చి చూసింది. గోడ, పడవలు, దడులు, బుట్టలు. ఏమీ లేదు. చివరిసారి వచ్చినప్పుడు మా ఇంట్లో ఆక్టోపస్ కుస్కుస్ తింటూ, "అమ్మా, ఇది వచ్చాక పోగొట్టుకున్న రేవులు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు" అంది. వదిన, "ఇంకొంచెం పులుసు వేసుకో తల్లీ" అంది. పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

కిందటి చలికాలం స్ఫాక్స్‌లో రేవుల వాళ్ళందరినీ పిలిచి సభ పెట్టారు. వదినని మాట్లాడమన్నారు. ఆమె తెల్లటి పండగ బట్టలు కట్టుకుంది. చేతుల్లో తారు మాత్రం ఎంత తోమినా పోలేదు. ఆ చేతులనే బల్ల మీద పెట్టి, పడవల దగ్గర మాట్లాడినట్టే మాట్లాడింది. తొట్టి గురించి, ఎండలో పెట్టిన రెండు ముక్కల గురించి, పడమటి గాలి గురించి. రాసుకునేవాళ్ళు రాసుకున్నారు. నేజీ నా పక్కన కూర్చుని వెనకవాళ్ళందరికీ, "మా అక్క, మా అక్క" అని చెప్తూనే ఉన్నాడు. నేను మోచేత్తో పొడిచినా ఆగలేదు. నిజానికి గట్టిగా పొడవలేదులెండి.

అయ్యాక వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. దక్షిణాన ఏదో చిన్న దీవి రేవువాడు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, మా దగ్గర అప్పుడే గోడంతా పట్టేసింది. మూడు మచ్చలు కాదు, నూరు బారలు. ఏం చెయ్యమంటావు?"



"నాకు తెలీదు తమ్ముడూ" అంది వదిన. "నూరు బారలు నేనెప్పుడూ చూళ్ళేదు. మీ దగ్గర పోటు ఎంత లేస్తుంది?"

"మనిషెత్తు లేదు. ఛాతీ దాకా."

"నేల ఇసకా, రాయా?"

"రాయి."

వదిన నా వైపు చూసి, "హనియా, గురువారం మనకేం పనులున్నాయి?" అని అడిగింది.

గురువారం మా మేనకోడలి నిశ్చితార్థం. "ఏం లేవు వదినా" అన్నాను.